నిష్కామ స్క్రీన్‌ప్లే

స్క్రిప్టు బాగాలేదని సినిమాలను తిట్టేవాళ్లందరికీ ఆధ్యాత్మిక జ్ఞానం తక్కువ. ఈ మాట చాలా బాధ్యతతో అంటున్నాను. కోరికే దుఃఖానికి మూలమని బుద్ధుడు చెప్పి సుమారు 2,500 ఏళ్లవుతోంది. ఆ బోధను తు.చ. తప్పకుండా పాటిస్తున్నవాళ్లు లోకంలో ఎవరైనా ఉన్నారంటే వాళ్లు సినిమా కథానాయకులే. బొమ్మ పడి నలభై నిమిషాలైనా తమకేం కావాలో వాళ్లకు తెలియదు, మనకు తెలియదు, రాసినవాడికి అసలే తెలియదు. నడుస్తారు, కొడతారు, పాడతారు. ఫలాపేక్ష మాత్రం ఉండదు. ఇంతటి కర్మయోగిని పట్టుకుని 'క్యారెక్టర్‌కి గోల్ లేదు' అని ఈసడించుకోవడం ఏం సంస్కారం?

అసలు ఈ గోల్ గోల ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం. పడమటివాళ్ల మీద తోసేద్దామంటే ముందు మనవాడే అడ్డొస్తున్నాడు. నాట్యశాస్త్రంలో భరతుడు నాటకంలోని కార్యానికి ఐదు అవస్థలు చెప్పాడు: ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. ఫలం మీద ఉబలాటం పుడితే ఆరంభం. దానికోసం పాట్లు పడితే ప్రయత్నం. దొరుకుతుందేమోనన్న ఆశ కలిగితే ప్రాప్త్యాశ. ఇక దక్కి తీరుతుందని తేలితే నియతాప్తి, దక్కితే ఫలాగమం. ఐదుకు ఐదూ కోరిక చుట్టూ తిరిగేవే! 1979లో స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పే అమెరికావాడు సిడ్ ఫీల్డ్ వచ్చి 120 పేజీల స్క్రిప్టును 30, 60, 30గా మూడు ముక్కలు చేశాడు. మధ్య ముక్కకు పెట్టుకున్న పేరు ఘర్షణ. ఈయనదీ అదే యావ. పాత్రకు ఏదో కావాలి, దానికి ఏదో అడ్డుపడాలి. పేజీకో నిమిషం లెక్కన గంటసేపు అడ్డుపడుతూనే ఉండాలి. ఒక మనిషిని గంటసేపు ఏడిపించమని పాఠం చెప్పేవాణ్ని గురువంటారా?

పోనీ కోరిక పుట్టి ఊరుకుంటుందా అంటే, ఊరుకోదు. కోరిక పుట్టినవాడు ఏదో ఒకటి చెయ్యాలి. చేస్తే దానివల్ల ఇంకేదో జరగాలి. జరిగినదాన్ని సరిదిద్దుకోవడానికి ఇతను మళ్లీ ఏదో చెయ్యాలి, అది ఇంకా బెడిసికొట్టాలి. ఇలా సీన్లన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడిపోతాయి. ఐదో సీన్ తీసేస్తే తొమ్మిదోది కుప్పకూలుతుంది. ఎడిటింగ్ రూంలో కత్తెర ఆడదు. అదే నిష్కామ పద్ధతిలో రాసిన స్క్రిప్టు చూడండి. పన్నెండో సీన్ తీసుకెళ్లి ముప్ఫయ్యోదాని వెనక పెట్టినా, మొత్తానికే పారేసినా ఎవరికీ నష్టం లేదు. ప్రతి సీనూ స్వయంప్రతిపత్తి గలది. 'ఆ తర్వాత... ఆ తర్వాత...' అనుకుంటూ హాయిగా సాగిపోతుంది. 'కానీ', 'అందువల్ల' అన్న మాటలు దాని ఛాయలకు రావు. ఒకదాని తర్వాత ఒకటి జరగడం వేరు, ఒకదానివల్ల ఒకటి జరగడం వేరు అని అరిస్టాటిల్ 2,300 ఏళ్ల కిందటే పేచీ పెట్టాడు. ఆయనకేం, రిలీజ్ డేట్ టెన్షన్ లేదు.

ఇక మాటలు. డైలాగ్ అన్నది సమాచారం అందించాలి. అన్నదమ్ములు ఎదురుపడ్డారనుకోండి. 'అన్నయ్యా, నాన్న పోయిన ఏడాదికే ఇల్లు వదిలి వెళ్లిపోయిన నువ్వు, ఎనిమిదేళ్ల తర్వాత ఇల్లు అమ్మడానికి నా సంతకం కోసం వచ్చావా?' అని తమ్ముడు అడగాలి. 'అవును తమ్ముడూ, నేను అప్పుల్లో ఉన్నానని నీకు తెలుసు కదా' అని అన్న చెప్పాలి. ఎంత శుభ్రంగా ఉందో చూశారా! సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నవాడికి కూడా అర్థమవుతుంది.

దీన్నే కొందరు ఎలా పాడుచేస్తారో చెబుతాను. అన్న కాగితాలు తీసి టీపాయ్ మీద పెడతాడు. తమ్ముడు వాటి వంక చూడడు. 'జుట్టు బాగా పలచబడిందే' అంటాడు. అన్న తల తడుముకుని నవ్వుతాడు. కాసేపాగి, 'పెన్నుందా?' అని అడుగుతాడు. 'ఎక్కడో ఉండాలి, వెతకాలి' అంటాడు తమ్ముడు. పెన్ను అతని చొక్కా జేబులోనే ఉంది. అన్న ఆ జేబు చూస్తాడు. చూసి, 'కాసిని మంచినీళ్లివ్వు' అంటాడు.

అంతే! ఇల్లనీ, అప్పనీ, సంతకమనీ ఒక్క మాట బయటికి రాలేదు. ఒకడికి సంతకం కావాలి, ఇంకొకడికి అన్న ఇంకాసేపు కూర్చోవాలి. ఎవరికేం కావాలో ఆ పెన్నును చూసి ప్రేక్షకుడు తనంతట తనే పోగుచేసుకోవాలి. టికెట్ కొనుక్కుని వచ్చినవాడి చేత పని చేయించుకోవడం న్యాయమేనా? పైగా నటుడికి అదనపు శ్రమ. మాటల్లో లేనిది మొహంలో చూపించాల్సి వస్తుంది.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ లెక్క ఇంకా అన్యాయం. బల్ల కింద బాంబు ఉంది. ఉన్నట్టుండి పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. అదే బాంబును ముందే చూపించి, బల్ల దగ్గరివాళ్ల చేత పిచ్చాపాటీ మాట్లాడిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. అంటే గుట్టంతా ముందే ప్రేక్షకుడి చేతిలో పెట్టేయాలట. మరి మన ట్విస్టు గతేం కాను? రెండు గంటలు భద్రంగా దాచి, ఎవరూ అడగని ప్రశ్నకు చివర్లో 'వాడే వీడు' అని జవాబు చెప్పినప్పుడు హాలంతా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీరే విన్నారు. అది దిగ్భ్రాంతి అనే నా నమ్మకం.

విలన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అతనూ నిష్కాముడే, ఊరికే చెడ్డవాడు. అతని వైపు కూడా కాస్త న్యాయం ఉందంటే చూసేవాళ్లకు లేనిపోని నిద్రాభంగం.

మిగిలింది దైవలీల. ఏమీ కోరని హీరోను చివర్లో గట్టెక్కించేది అదే. ప్రేక్షకుడు చాలా పక్షపాతి అంటారు. హీరో అనుకోకుండా చిక్కుల్లో పడితే నోరు మూసుకుని చూస్తాడట, అనుకోకుండా బయటపడితే మాత్రం మోసం అంటాడట. గట్టెక్కించేదేదో మొదటి అరగంటలోనే ఎక్కడో ఒకచోట, కనిపించీ కనిపించనట్టు నాటి ఉంచాలట. అలా నాటాలంటే చివర ఏం జరుగుతుందో రచయితకు ముందే తెలిసుండాలి. చూశారా, మళ్లీ కోరికే, ఈసారి రచయితకు! గ్రీకులు ఈ బాధలేవీ పడకుండా దేవుణ్ని క్రేన్‌తో స్టేజీ మీదికి దించి ముడి విప్పించుకునేవాళ్లు. ముడి కథలోంచే విడాలని అరిస్టాటిల్ దానికీ అడ్డం తగిలాడు. మనం ఆయన్ని గౌరవించి, దేవుడి బదులు పోలీసు జీపును దించుతున్నాం.

కథ వినిపించే నెరేషన్ అయ్యాక మూల కూర్చున్న కుర్ర అసిస్టెంట్ ఒకడు చెయ్యెత్తుతాడు. 'సార్, ఆ జీపు సరిగ్గా అదే నిమిషానికి ఎందుకొచ్చింది?'

'రాకపోతే ఇంకో నలభై పేజీలు ఎవడు రాస్తాడయ్యా?'