ఆరుబయటి సైన్సు పాఠంలో ఫోన్: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

ఒడిశాలోని బ్రహ్మపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. కళాశాల ఆవరణలోనో బడి తోటలోనో జరిగే సైన్సు పాఠానికి విద్యార్థులను ఫోన్లతో తీసుకువెళ్లడం చదువుకు చేటని దాని సారాంశం. యునెస్కో ఫోన్లను నిషేధించమన్నదని, స్వీడన్ తెరలను పక్కనపెట్టి పుస్తకాలకు తిరిగి వచ్చిందని, ఫోన్ చేతిలో ఉంటే పిల్లల చూపు చెట్టు మీద నిలవదని, మొక్కల యాప్‌లు తప్పుడు పేర్లు చెబుతాయని, ఫోన్ కొలతలు ఆటబొమ్మల కొలతలని, మన కొండ ఊళ్లలో సిగ్నలే ఉండదని, అందరికీ ఫోన్లు లేవని అందులో వరుసగా రాశారు. ఇలాంటి పాఠాలను ఆపించండి అనే పిలుపుతో అది ముగుస్తుంది. వీటిలో రెండు అభ్యంతరాలు నిజంగా ఆలోచించదగినవి. మిగిలినవి సగం తెలిసి రాసినవి.

మొదట యునెస్కో మాట. 2023 జులైలో వెలువడిన ఆ సంస్థ ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక, బడుల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించిన దేశాలు నాలుగింట ఒక వంతు కంటే తక్కువని లెక్క చెప్పి, సాంకేతికత నేర్చుకోవడానికి తోడ్పడినప్పుడే దాన్ని వాడాలని, అది ఉపాధ్యాయుడి స్థానాన్ని ఆక్రమించకూడదని కోరింది. ప్రతిచోటా, ప్రతి పనికీ ఫోన్‌ను నిషేధించమని అందులో లేదు. స్వీడన్ ప్రభుత్వం అదే ఏడాది వెనక్కి తీసుకున్నది పూర్వ ప్రాథమిక బడుల్లో డిజిటల్ పరికరాలను తప్పనిసరి చేసిన నిర్ణయాన్ని. దానితోపాటు అచ్చు పాఠ్యపుస్తకాలకు నిధులు కేటాయించింది. ఆరేళ్లలోపు పసివాళ్ల గురించి చేసిన నిర్ణయాన్ని చూపి, బీఎస్సీ విద్యార్థి చెట్టు ఎత్తు కొలవడాన్ని ఆపమనడం ఏ తర్కానికీ అందదు.

ధ్యాస చెదురుతుందన్నది ఆ సందేశంలోని బలమైన అభ్యంతరం. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం, ఫోన్ వాడకపోయినా అది బల్ల మీద ఉండటమే ఆలోచనా శక్తిని కొంత తగ్గిస్తుందని చెప్పింది. తరువాత అదే ప్రయోగాన్ని తిరిగి చేసినవారికి ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. గ్రామీణ భారతంలోని పిల్లల చదువుపై సర్వే చేసే అసర్ 2024 నివేదికలో, స్మార్ట్‌ఫోన్ వాడగలిగిన 14–16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారంలో చదువు సంబంధమైన పనికి దాన్ని వాడినవారు 57 శాతమైతే, సామాజిక మాధ్యమాలకు వాడినవారు దాదాపు 76 శాతం. ఈ అంకెలను దాచిపెట్టి ఫోన్‌ను సమర్థించడం నిజాయితీ అనిపించుకోదు. అయితే ఆస్టిన్ ప్రయోగంలో ఫోన్ చేయవలసిన పనితో సంబంధం లేకుండా పక్కన పడి ఉన్న వస్తువు, ఆరుబయటి పాఠంలో అదే కొలిచే పనిముట్టు. ఐదుగురికి ఒక ఫోన్ ఇచ్చి, దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టించి, ముందు ఆకును నోటుపుస్తకంలో గీయించి, ఆ తరువాతే ఫోన్ బయటికి తీయించే ఉపాధ్యాయుడి దగ్గర సెల్ఫీలకు తీరిక దొరకదు. "ఆవరణలోని మొక్కల ఫొటోలు తీసుకురండి" అని చెప్పి గొడుగు కింద కూర్చునే పాఠం మాత్రం చెడిపోతుంది, చెడిపోవాలి కూడా. "ఈ కానుగ చెట్టుకు ఎండ తగిలే వైపు, నీడ వైపు చిగుళ్లు ఒకే వారంలో వస్తాయా?" అని అడిగి, ప్రతి వారం అవే కొమ్మలను తేదీతో ఫొటో తీయిస్తే, ఏడాది చివర విద్యార్థి చేతిలో వాదించడానికి సాక్ష్యం ఉంటుంది. చెట్ల చిగుళ్లు, పూలు, కాయల కాలాలను ఇలాగే నమోదు చేసే సీజన్‌వాచ్ అనే పౌర విజ్ఞాన కార్యక్రమం మన దేశంలోనే నడుస్తోంది.

యాప్‌లు తప్పు పేర్లు చెబుతాయన్న మాట నిజం, కానీ దాని నుంచి తీసిన ముగింపు తప్పు. ముళ్లతో, రెట్టింపు చీలిన సన్నని ఆకులతో ఉన్న కొమ్మను మాత్రమే ఫొటో తీస్తే నల్లతుమ్మకూ తెల్లతుమ్మకూ మధ్య యాప్ తడబడటం సహజం, ఎందుకంటే ఆ ఫొటోలో వాటిని వేరుచేసే లక్షణాలు లేవు. పూసలు గుచ్చినట్టు నొక్కులున్న కాయ, పసుపుపచ్చని గుండ్రటి పూగుత్తి కనిపిస్తే నల్లతుమ్మ. పాలిపోయిన బెరడు, కొమ్మ చివర పెద్ద గుత్తులుగా మీగడరంగు పూలు కనిపిస్తే తెల్లతుమ్మ. యాప్ తప్పు చెప్పినచోట ఎందుకు తప్పిందో అడిగితే, ఏ లక్షణం చూడాలన్నది విద్యార్థి తానే కనిపెడతాడు, ఒక తరగతి గంటకు ఇంతకంటే మంచి ఫలం ఉండదని నా అభిప్రాయం. పైగా ప్రకృతి పరిశీలనలను ఫొటోలతో పంచుకుని నలుగురూ కలిసి పేరు గుర్తించే ఐనాచురలిస్ట్‌లో యాప్ చెప్పేది సూచన మాత్రమే. ఫొటో, తేదీ, స్థలం ఉండి, మొక్క తనంతట తాను మొలిచినదై, గుర్తించినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది జాతి పేరుపై ఏకీభవించినప్పుడే ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. ఆవరణలో నాటిన చెట్లే ఎక్కువ గనుక, ఏది నాటినది, ఏది తానే మొలిచినది అని విద్యార్థి ముందుగా తేల్చుకోక తప్పదు. పుస్తకం అక్కరలేదని ఎవరూ అనడం లేదు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేవరకు గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి, వృక్షశాస్త్రవేత్త గాంబుల్ 1915లో మొదలుపెట్టగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథంలో మన మొక్కలూ ఉన్నాయి. యాప్ ఇచ్చిన పేరును ఆ వర్ణనతో సరిచూడటం మంచి డిగ్రీ స్థాయి అభ్యాసం.

ఇక కొలతలు. ఫోన్‌లోని కదలికను, వంపును పసిగట్టే యాక్సిలరోమీటర్, మైకు, కాంతి సెన్సర్ ప్రయోగశాల పరికరాలంత ఖచ్చితమైనవి కావు, అయినా వాటితో ఏం చేయవచ్చో చూడండి. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయంలో తయారై 2016లో వచ్చిన, ఫోన్ సెన్సర్లతో ప్రయోగాలు చేయించే ఫైఫాక్స్ యాప్‌లో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. రెండు ఫోన్లను 5 మీటర్ల దూరంలో పెట్టి, మొదట ఒక ఫోన్ దగ్గర, తరువాత రెండో ఫోన్ దగ్గర చప్పట్లు కొడితే, మొదటి చప్పట్లకు రెండు గడియారాలూ మొదలై, రెండో చప్పట్లకు ఆగుతాయి. వాటి లెక్కల మధ్య తేడా, శబ్దం 10 మీటర్లు పోవడానికి పట్టే కాలానికి సమానం. 30 డిగ్రీల వేడిలో శబ్దవేగం సెకనుకు సుమారు 349 మీటర్లు కాబట్టి, ఆ తేడా సెకనులో వెయ్యింట 29 వంతుల దగ్గర రావాలి. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌తో ఇంత తక్కువ దూరంలో ఈ ప్రయోగం అసాధ్యం, ఎందుకంటే మనిషి స్పందనకే సెకనులో ఐదో వంతు పోతుంది. బారోమీటర్ ఉన్న ఫోన్ దొరికితే గోపాలపూర్ సముద్రతీరంలో ఒకసారి, సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న సునాబెడలో ఒకసారి వాయుపీడనం చూసి, దాదాపు 100 హెక్టోపాస్కల్‌ల తగ్గుదలను లెక్కతో పోల్చవచ్చు. చెట్టుకు 20 మీటర్ల దూరంలో నిలబడి ఫోన్ వంపుతో కొనను చూసినప్పుడు 35 డిగ్రీల కోణం వస్తే, 20ని ఆ కోణపు ట్యాంజెంట్ (సుమారు 0.7)తో గుణించి, కంటి ఎత్తు మీటరున్నర కలుపుకుంటే చెట్టు ఎత్తు పదిహేనున్నర మీటర్లు. కాంతి సెన్సర్ విషయంలో సందేశం రాసినవారి అనుమానం కొంత న్యాయమే: రెండు రకాల ఫోన్లు ఒకే చోట కాంతి తీవ్రతకు వేర్వేరు లక్స్ అంకెలు చూపిస్తాయి. ఒకే ఫోన్‌తో ఎండలోనూ చెట్టు నీడలోనూ కొలిచి నిష్పత్తి తీసుకుంటే ఆ దోషం చాలావరకు తగ్గుతుంది. రెండు ఫోన్ల అంకెలు ఎందుకు కలవలేదన్న ప్రశ్న నుంచే కొలతల్లో దోషం అనే పాఠం మొదలవుతుంది.

సిగ్నల్ లేదన్నదానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. జీపీఎస్ ఉపగ్రహాల సంకేతంతో పనిచేస్తుంది, దానికి ఇంటర్నెట్ అవసరం లేదు. ఫైఫాక్స్, మొక్కల్నీ జంతువుల్నీ గుర్తించే సీక్ యాప్‌లు ముందుగా దింపుకుంటే కొండమీద కూడా పనిచేస్తాయి.

అందరికీ ఫోన్ లేదన్నది రెండో నిజమైన అభ్యంతరం, అందులోనూ ఆడపిల్లలకు సొంత ఫోన్ ఉండటం మరింత తక్కువ. అందుకే సొంత ఫోన్ తెమ్మని ఎవరినీ అడగకూడదు. విభాగం తరఫున నాలుగైదు ఫోన్లు ఉంచి, కొలిచే పని, రాసే పని, గీసే పని జట్టులో వంతులవారీగా తిప్పాలి. అలా తిప్పకపోతే ఫోన్ ఎప్పుడూ ధాటిగా మాట్లాడే అబ్బాయి చేతిలోనే ఉండిపోతుంది.

సందేశం చెప్పవలసి ఉండి చెప్పనిది ఒకటుంది: ఫోన్ వల్ల ప్రాణులకు కలిగే కీడు. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట గుడ్డు నుంచి వెలువడిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు రాత్రిపూట కాంతి ఉన్న దిక్కును పట్టుకుని సముద్రం వైపు కదులుతాయి కాబట్టి, అక్కడ ఫోన్ టార్చ్, ఫ్లాష్ వెలిగించడం వాటిని దారి తప్పించడమే. గూళ్లు పెట్టే కాలంలో పక్షి కూతను ఫోన్‌లో మోగించి దాన్ని దగ్గరికి రప్పించడమూ అంతే తప్పు. సర్పగంధి వంటి, వేర్ల కోసం తవ్వుకుపోయే మొక్క కనిపించినచోట స్థలం గోప్యంగా ఉంచాలి. ఐనాచురలిస్ట్ ముప్పులో ఉన్నవిగా గుర్తించిన జాతుల స్థలాన్ని తనంతట తానే మసకపరుస్తుంది గానీ, విద్యార్థి అదే ఫొటోను ఊరి పేరుతో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఆ జాగ్రత్త వృథా అవుతుంది.