ఏ బ్రౌన్ అన్నా?

ముందే చెప్పేస్తున్నా, తప్పు ఫ్లెక్సీ షాపు పిల్లోడిది కాదు, నాదే. కాకపోతే ఆ రోజు పొద్దున కాలనీ అంతా వాణ్ణి తిడుతుంటే నేనూ ఊరుకోకుండా నాలుగు మాటలు కలిపాను, మనిషిని కదా.

మాది కడప. ఇక్కడ నవంబరు 10 వచ్చిందంటే సి.పి. బ్రౌన్ జయంతి. 1820లో కలెక్టరాఫీసు ఉద్యోగం మీద ఈ ఊరొచ్చిన తెల్లదొర, ఉద్యోగం చేసుకుని ఊరుకోక తాళపత్రాలు పోగేసుకుని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి వాటిలో తప్పులు సరిచేయించి, 1829లో వేమన పద్యాలు అచ్చేయించి, 1852లో నిఘంటువు తెచ్చాడు. ఆయన బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి సాధించిన బ్రౌన్ గ్రంథాలయం ఇప్పుడుంది. జయంతికి పెద్దవాళ్ళంతా అక్కడికే పోతారు. ఈసారి మన కాలనీలో కూడా ఒకటి చేద్దాం అని మా రిటైర్డ్ తెలుగు సార్ అన్నాడు. షామియానా, నలభై కుర్చీలు, పిల్లలకు నిఘంటువులో పదం వెతికే పోటీ, చివర్లో కేసరి. ఫ్లెక్సీ పని మాత్రం నాకు తగిలించారు, నాకు కంప్యూటర్ తెలుసంట. ఇంట్లో ప్రింటర్ ఉన్నంత మాత్రాన కంప్యూటర్ తెలిసినట్టు ఎట్లా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

షాపు పిల్లోడికి వాయిస్ మెసేజ్ పెట్టాను. "తమ్ముడూ, బ్రౌన్ ఫ్లెక్సీ ఒకటి కావాలి, ఆరు బై నాలుగు, మ్యాటర్ వాట్సాప్ చేసినా చూడు."

గంటలో డిజైన్ వచ్చింది. ఫ్లెక్సీ మొత్తం తుప్పు పట్టిన బీరువా రంగు. ఫోన్ చేసి ఇదేందిరా అంటే, "బ్రౌనే కదా అన్నా అడిగినావు, ఇంకా ముదురుగా కావాల్నా?" అన్నాడు. రంగు కాదు నాయనా, మనిషి, ఇంగ్లీషాయన, పెద్దాయన, ఫోటో నెట్‌లో కొడితే వస్తుంది అని చెప్పాను. ఇదిగో, ఈ చివరి ముక్క దగ్గరే నా కొంప మునిగింది.

రెండో డిజైన్ వచ్చేసరికి రాత్రి పదిన్నర, నేను పెళ్ళిలో పంక్తిలో కూర్చుని ఉన్నా. కుడిచేయి సాంబారన్నంలో ఉంది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, బొటనవేలితో సాగదీసి చూశాను. ఏం చూశానంటారు? కింద వరసలో గుండ్రాల్లో కమిటీ వాళ్ళ తలకాయలుంటాయి కదా, అందులో నాది చూశాను. పేరులో ఒత్తు సరిగ్గా పడిందా, కార్యదర్శి అని ఉందా లేదా. కోశాధికారి తలకాయ నాదానికన్నా కొంచెం పెద్దగా కనపడింది. "నాది కూడా అంత చెయ్, మిగతాదంతా ఓకే" అని బొటనవేలి గుర్తు పంపి, అప్పుడే వడ్డిస్తున్న పాయసం వైపు తిరిగాను. పైన రెండడుగుల ఎత్తున ఉన్న పెద్దమనిషి ఎవరో నేను చూడలేదు. ఒట్టు.

పొద్దున ఎనిమిదింటికి వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య కట్టేశాం. బాగుంది కూడా, దూరం నుంచి చూస్తే. తెలుగు సార్ పంచె సర్దుకుంటూ వచ్చి, ఫ్లెక్సీ ముందర నిలబడి, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరప్పా ఈయన?"

"బ్రౌన్ గారు సార్."

"బ్రౌనే. కాదని ఎవరన్నారు? మన బ్రౌన్ 1884లో లండన్‌లో పోయినాడు. ఈయన ముందర మైకుంది, మెడకు టై ఉంది. ఈయన గోర్డన్ బ్రౌన్. 2007 నుంచి 2010 దాకా బ్రిటన్‌కు ప్రధానమంత్రి."

కింద పెద్దక్షరాల్లో 'జననం 1798' అని నేనిచ్చిన మ్యాటరే. దాని కిందే 'ఘన నివాళి'. నిక్షేపంగా బతికున్న మాజీ ప్రధానికి కడపలో వేపచెట్టు కింద నివాళి పెట్టేశాం. పైగా పూలదండ కొనడానికి మనిషిని కూడా పంపాం. రెండొందల ఏళ్ళు దాటినా జుట్టు భలే ఉందే అని కోశాధికారి అన్నాడు, అది వెటకారమో అమాయకత్వమో ఇప్పటికీ తేలలేదు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మా అధ్యక్షుడు అంతా విని, "సి.పి. అని ఇంటిపేరు వేసినాం కదా, మళ్ళీ ఎట్ల తప్పుతుంది?" అన్నాడు. మనకు పేరుకు ముందు పొడి అక్షరాలుంటే అది ఇంటిపేరే కదా మరి. చింతకుంట పెద్ద బ్రౌన్ అనుకున్నట్టున్నాడు. సి.పి. అంటే చార్లెస్ ఫిలిప్ అనీ, అవే ఆయన సొంత పేర్లనీ, బ్రౌన్ అనేదే ఇంటిపేరనీ సార్ విడమరిచి చెప్పాడు. అంటే రెండొందల ఏళ్ళుగా మనం ఆయన్ని ప్రేమగా ఇంటిపేరు పెట్టే పిలుస్తున్నామన్నమాట. ఇంగ్లీషు వాళ్ళలో ఆ ఇంటిపేరేమన్నా అరుదా? ఎప్పుడో ఏ తాతకో జుట్టో ఒళ్ళో గోధుమరంగులో ఉంటే తగిలించిన పేరు, దేశమంతా ఉంది. కడప బస్టాండులో నిలబడి "సుబ్బారెడ్డీ" అని ఒక కేక వేసి చూడండి, మైదుకూరు బస్సులోంచి ఇద్దరు, పులివెందుల బస్సులోంచి ముగ్గురు తల బయటపెడతారు. నెట్‌లో బ్రౌన్ అని కొట్టడమూ అంతే.

ఫంక్షన్ సాయంత్రం నాలుక్కి. నేను బండేసుకుని షాపుకు పరిగెత్తాను. పిల్లోడు మొహం అదోలా పెట్టి స్క్రీన్ నా వైపు తిప్పాడు. "నువ్వే చెప్పన్నా, ఏ బ్రౌన్?"

స్క్రీన్ నిండా బ్రౌన్లు. ముందుగా వాడికి నచ్చింది ఛాతీ దాకా తెల్లగడ్డం, కళ్ళలో నిప్పులున్న ఒక ముసలాయన. "ఈయనే ఖాయం అన్నా, అచ్చం మన సాధువుల్లాగే ఉన్నాడు." నాకూ నిజమేననిపించి సార్‌కు ఫోటో పంపితే వెంటనే ఫోన్ వచ్చింది. ఆయన జాన్ బ్రౌనంట, అమెరికాలో బానిసత్వం పోవాలని 1859లో హార్పర్స్ ఫెర్రీలో ఆయుధాగారం మీద పడితే ఉరి తీశారంట. గొప్పవాడే, కానీ పిల్లలకు నిఘంటువు పోటీ పెట్టుకుని ఈయన బొమ్మ కింద ఏం చెబుతావ్ అన్నాడు సార్.

తర్వాత ఒక పసిపాప ఫోటో. పేరు లూయీ బ్రౌన్, 1978 జులై 25న ఇంగ్లండులో పుట్టింది, ప్రపంచంలో మొట్టమొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ. ఆ తర్వాత మైకు పట్టుకుని చెమటలు కారేలా ఆడుతున్న అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్. "ఈయనను పెడితే ఫంక్షన్‌కు జనం వస్తారన్నా" అన్నాడు వాడు, నిజాయితీగానే. తోటలు వేసే బ్రౌన్ ఒకాయన, పద్దెనిమిదో శతాబ్దం మనిషి, ఏ జమీందారు స్థలం చూపించినా దీనికింకా మంచి అవకాశముంది అనేవాడంట, అందుకే అసలు పేరు లాన్సలాట్ పోయి కేపబిలిటీ బ్రౌన్ అయిపోయాడు. మా ఊళ్ళో ప్లాట్లమ్మే వాళ్ళందరికీ మూలపురుషుడు ఈయనేనేమో అనుకున్నా.

పని మీద వచ్చినవాణ్ణి పని చూసుకోవాలా? లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నా. ఆర్థర్ విటెన్ బ్రౌన్ దగ్గరైతే పది నిమిషాలు ఆగిపోయాను. 1919 జూన్‌లో ఆల్కాక్ అనే పైలట్‌తో కలిసి అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఎక్కడా ఆగకుండా విమానంలో దాటిన మొదటి జంట వాళ్ళది, దారి చూపే పని ఈ బ్రౌన్‌ది. పదహారు గంటల లోపే సముద్రం దాటేసి ఐర్లండు చేరి, కింద పచ్చగా కనపడితే మైదానం అనుకుని దింపారు. అది ఊబినేల. విమానం ముక్కు కిందికి దిగబడి తోక పైకి లేచింది. ఫోటోలో కూడా అట్లాగే ఉంది, ముంగాళ్ళు మడిచి కూర్చున్న గేదెలా. మహాసముద్రమంతా సరిగ్గా చూసి చివర్లో ఒక్కటి సరిగ్గా చూడకపోతే ఇట్లాగే ఉంటుంది మరి. సాంబారు చేత్తో ఓకే కొట్టినవాణ్ణి కదా, ఆయన మీద నాకు వెంటనే అభిమానం పుట్టుకొచ్చింది.

ఇంటర్లో ఎంపీసీ చదివిన షాపు పిల్లోడికి రాబర్ట్ బ్రౌన్ మాత్రం తెలుసు. 1827లో నీళ్ళలో పుప్పొడి రేణువులు వేసి మైక్రోస్కోపులో చూస్తే లోపలి నలుసులు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ గెంతుతున్నాయని రాసిపెట్టిన శాస్త్రవేత్త. "బ్రౌనియన్ చలనం అన్నా, పరీక్షలో వచ్చింది." పొద్దుట్నుంచీ కాలనీకీ షాపుకీ మధ్య నేను చేస్తున్నదీ అదే. ఆ పక్కనే హెర్బర్ట్ సి. బ్రౌన్, 1979లో కెమిస్ట్రీ నోబెల్. బోరాన్ మీద పరిశోధన. పేరులో పొడి అక్షరాలు హెచ్, సి, బి. హైడ్రోజన్, కార్బన్, బోరాన్. అట్లా కుదిరింది ఆయనకు. మావాడు మౌస్ వదిలేసి ఆలోచించి, "మన సి.పి.బి. కూడా కుదురుతుందన్నా, కార్బన్, ఫాస్ఫరస్, బోరాన్" అన్నాడు. నేను కూడా సంతోషించాను. ఇద్దరం కలిసి ఆ మూడూ కలిపితే ఏమొస్తుందో ఇంకో ఐదు నిమిషాలు చర్చించాం. గోడ మీద గడియారం పదకొండున్నర.

అప్పుడు భయమేసింది. మౌస్ లాక్కుని నేనే కీబోర్డు తెలుగులోకి మార్చి, 'సి.పి. బ్రౌన్' అని కొట్టాను. మొదటి వరసలోనే వచ్చేశాడు. రోజూ గ్రంథాలయం వైపు పోతూ చూసే మొహమే. పొద్దున్నుంచి తిన్న తిట్లన్నీ ఈ నాలుగక్షరాలు తెలుగులో కొట్టనందుకన్నమాట! పిల్లోడు నన్నొక చూపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ చూపుకు డబ్బులు తగ్గించమని అడిగే ధైర్యం కూడా పోయి, చదరపు అడుగు పది రూపాయల లెక్కన ఇంకో రెండొందల నలభై కట్టి, ఐలెట్లు కొట్టించుకుని, పెయింటు వాసన ఆరకముందే చుట్ట చుట్టుకుని వచ్చాను.

ఈసారి ఓకే కొట్టే ముందు పైనుంచి కింది దాకా నాలుగుసార్లు చదివాను. ఫంక్షన్ బాగా జరిగింది. సార్ గంటన్నర మాట్లాడాడు, కేసరి సగంలోనే అయిపోయింది. రెండో ఫ్లెక్సీలో నా తలకాయ కోశాధికారి తలకాయంత లేదని ఇంటికొచ్చాక మా ఆవిడ చూపించింది.

మొదటి ఫ్లెక్సీని పారేయబుద్ధి కాక వీధి చివర ఉగ్గాని బజ్జీ బండాయనకు ఇచ్చేశాను. నవంబరు వానలు కదా, బండి మీద పరదాలా కట్టుకున్నాడు. గోర్డన్ బ్రౌన్ ఇప్పుడు ప్రతి పొద్దునా బాణలి మీదుగా నవ్వుతుంటాడు. మొన్న ప్లేటు చేతికిస్తూ బండాయన అడిగాడు, "అన్నా, ఈయన మన బ్రౌన్ దొరకు ఏమవుతాడు?"

"ఏం కాడు, ఇంటిపేరు ఒకటే."

"మరి ఈ కిందున్నాయన?" అని పొంగుతున్న నూనె పక్కన వేలాడుతున్న కొసను చూపించాడు. సెగకు ముడుచుకుపోయి, కన్నూ ముక్కూ ఒకటైన ఆ గుండ్రంలో 'కార్యదర్శి' అన్న మాట మాత్రం స్పష్టంగా ఉంది.

ఇంకో రెండు బజ్జీలు వెయ్యమన్నాను.