‘అంగారకపురం 2’ ఆగింది చీమకుర్తి వల్ల కాదు

ఒంగోలు, నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. అంగారక గ్రహం మీద నడిచే సినిమా ‘అంగారకపురం 2’ షూటింగ్ ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పెట్టుకోవడమే కొంప ముంచిందట. అక్కడి నల్ల గ్రానైట్, అదే గెలాక్సీ రాయి, దాని మెరుపుకి కెమెరాలు కాలిపోయాయట, ఎర్రటి అంగారకుడికి నల్ల క్వారీ ఏమిటట, క్వారీలో విషవాయువుకి హీరో పడిపోయాడట, శ్రీహరికోట వాళ్లు డ్రోన్లు ఆపేశారట, వానలు ముంచేశాయట, గ్రాఫిక్స్ కంపెనీ నీడలు కూడా సరిగ్గా వెయ్యలేదట. వెనక పచ్చ గుడ్డ (గ్రీన్‌మ్యాట్) కట్టి తీసి ఏఐకి ఇచ్చుంటే రెండు నెలల్లో అయిపోయేదని చివర్లో ఒక ఉచిత సలహా. సినిమా ఆగిన మాట నిజమే. చెప్పిన కారణాల్లో వానలది సగం నిజం. మిగతావి గాలి కబుర్లు.

‘గెలాక్సీ రాయి మెరుపుకి సెన్సర్లు కాలిపోయాయి.’ ఆ రాతిలో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పాలిష్ పట్టిన పలకలో అవి బంగారు పొడి చల్లినట్టు కనిపిస్తాయి కానీ, కోసి వదిలేసిన క్వారీ గోడ బూడిద పూసిన నలుపు. ఏ కోణంలో పెట్టినా అది కెమెరాని ఏమీ చెయ్యదు. సెన్సర్ (కెమెరాలో బొమ్మని పట్టే చిప్పు) కాలాలంటే లేజర్ లాంటిది నేరుగా పడాలి. క్వారీలో కెమెరాకి అసలు శత్రువు దుమ్ము. డైమండ్ వైర్‌తో రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తారు, ఆ బురద ఎండాక పిండిలాంటి పొడి మిగులుతుంది. బయట నిలబడి లెన్సు మార్చారంటే అందులో ఒక రేణువు సెన్సర్ మీద కూర్చుంటుంది. లెన్సులో వెలుగు దూరే రంధ్రం బాగా తెరిచి తీసినంతసేపూ కనపడదు, దాన్ని ఎఫ్ 11కో 16కో చిన్నది చెయ్యగానే ఆకాశంలో నల్లచుక్క. మళ్లీ తుడిచేదాకా ప్రతి ఫ్రేములోనూ అక్కడే ఉంటుంది. అందుకే లెన్సులు వ్యాన్‌లో తలుపు వేసుకుని మారుస్తారు.

‘అంగారకుడు ఎర్రగా ఉంటాడు, నల్ల క్వారీలో తీస్తారా?’ అంగారకుడి మీద ఎర్రగా కనిపించేది చాలావరకు తుప్పు పట్టిన దుమ్ము. కింద ఉన్నది నల్లటి బసాల్ట్ అనే అగ్నిపర్వతపు రాయి. టెలిస్కోపులో నల్లమచ్చలా కనిపించే సిర్టిస్ మేజర్ అనే ప్రాంతం అదే, నాసా పంపిన క్యూరియాసిటీ రోవర్ (గ్రహం మీద తిరిగే బండి) గేల్ బిలంలో ఫొటో తీసిన బాగ్నోల్డ్ ఇసుక తిన్నెలూ నల్లనివే. ఈ విషయంలో ఆర్ట్ డైరెక్టర్‌ని మెచ్చుకోవాలి.

‘విషవాయువుకి హీరో పడిపోయాడు.’ క్వారీ పైకి తెరుచుకున్న గుంత, బొగ్గు గనిలా సొరంగం కాదు. పేలుడు పెట్టిన వెంటనే వచ్చే పొగలోకి ఎవరూ పోరు, పైగా షూటింగ్ జరిగింది పని ఆపేసిన వైపు. హీరో పడిపోయింది హెల్మెట్ వల్ల. అద్దం బిగించి మెడ దగ్గర సీలు వేస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం. దానికి ప్రకాశం జిల్లా మే నెల ఎండ తోడు. మందు కూడా తెలిసిందే: మెడ వెనక చిన్న ఫ్యాను, గాలి బయటికి పోయే దారి, టేక్ అవగానే అద్దం తీసేసే మనిషి. ఫ్యాను మోత డైలాగులో పడుతుందని సౌండు వాళ్లు ఆపించారు. డబ్బింగ్ ఎలాగూ చెప్పే సినిమాకి ఆ పట్టుదల ఎందుకో! అసలు ఇలాంటి షాట్లలో చాలావరకు అద్దం లేకుండానే తీసి, తర్వాత గ్రాఫిక్స్‌లో పెడతారు. అద్దంలో కెమెరా, థర్మోకోల్ షీట్లు, టీ గ్లాసు పట్టుకున్న అసిస్టెంటు కనపడే బాధ కూడా తప్పుతుంది.

క్వారీలో నిజంగా భయపడాల్సింది రాయి కోసే ఆ డైమండ్ వైర్‌కి. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి బెజ్జాలు కలిసేలా వేసి, వాటిలోంచి వైరు దూర్చి, ఉచ్చులా బిగించి తిప్పుతారు. వైరు మీద మీటరుకి 30 నుంచి 40 వజ్రపు పొడి పూసలుంటాయి. వైరు తెగితే ఆ పూసలు తూటాల్లా వస్తాయి, వైరు తిరిగే వరసలో మనిషన్నవాడు ఉండకూడదు. బెంచీ (రాయి కోయగా మిగిలిన మెట్టు) అంచున క్రేను పెట్టాలన్నా క్వారీ మేనేజరు ఒప్పుకోవాలి. కింద చీలిక ఉందో లేదో ఆయనకే తెలుస్తుంది. మెసేజీలో దీని ఊసే లేదు.

‘శ్రీహరికోట వాళ్లు డ్రోన్లు ఆపేశారు.’ చీమకుర్తి నుంచి శ్రీహరికోట దాదాపు 200 కిలోమీటర్లు. రాకెట్ పైకి లేస్తుంటే నెల్లూరు మేడల మీంచి చూస్తాం కాబట్టి అంతా పక్కనే అనిపిస్తుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చగా ఉన్న చోట 400 అడుగుల దాకా ఎగరేయడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. కానీ డ్రోనుకి రిజిస్ట్రేషన్ నంబరుండాలి, సినిమా కెమెరా మోసే సైజుకి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. యూనిట్ తెచ్చిన పైలట్‌కి సర్టిఫికెట్ లేదు. రోజంతా డ్రోను పెట్టెలోనే ఉంది. దీనికి ఇస్రో ఏం చేస్తుంది?

‘వానలు ముంచేశాయి.’ ఇదీ ఆ సగం నిజం. గుంతలో నీళ్లు నిండాయి, పంపులు పెట్టి తోడినా సెట్టు కింద బురద ఆరలేదు. అయితే షెడ్యూలు వేసింది ఎప్పుడనుకున్నారు? అక్టోబరు చివర. తెలంగాణలో దసరా వెళ్తే వాన వెళ్లినట్టే. ఇక్కడ అప్పుడే ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. నెల్లూరు జిల్లా ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, ప్రకాశంలోనూ ఆ మూడు నెలలు తక్కువవి కావు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ రెండు జిల్లాలూ ఎలా తడిశాయో అందరికీ గుర్తే. ఒంగోల్లో టీ కొట్టు దగ్గర అడిగినా ఆ తేదీలు వద్దని చెప్పేవాళ్లు.

‘గ్రాఫిక్స్ కంపెనీ మోసం చేసింది, నీడలు అతకలేదు.’ బయటికి లీకైన క్లిప్పు చూసి అంటున్న మాటిది. నీడలు అతకలేదు, నిజమే. అతకవు కూడా. రోవర్ బోల్తా పడే సీన్ సగం మే మొదటి వారంలో తీశారు, మిగిలిపోయిన షాట్లు (ప్యాచ్‌వర్కు) డిసెంబరులో తీశారు. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు చీమకుర్తి మీద సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడ కాళ్ల కిందే ఉంటుంది, గుంత అడుగు దాకా వెలుగు దిగుతుంది. డిసెంబరు మూడో వారంలో అదే మధ్యాహ్నం సూర్యుడు 51 డిగ్రీల ఎత్తు దాటడు. దక్షిణం వైపు 50 మీటర్ల గోడ ఉంటే దాని నీడ 40 మీటర్ల దాకా గుంతలోకి పడుతుంది. అంటే మేలో ఎండలో పరిగెత్తిన హీరో, డిసెంబరు షాటులో చీకట్లోంచి లేస్తాడు. మనిషి మొహం మీద ముద్రపడిన వెలుగుని ఏ కంపెనీ కూడా పూర్తిగా మార్చలేదు. రంగు దిద్దుతారు, వెనక గోడని మార్చుతారు, ముక్కు కింద నీడని తుడవడం మాత్రం చాలా కష్టం.

దానికి తోడు, షాటు తీసిన ప్రతిచోటా గ్రాఫిక్స్ కోసం తీసుకోవాల్సినవి కొన్నుంటాయి: వెలుగు ఎటు నుంచి ఎలా పడుతోందో తెలిసేలా బూడిదరంగు బంతి, అద్దం బంతి నటుడి స్థానంలో పట్టుకుని కొన్ని సెకన్లు; అదే చోటి నుంచి వేర్వేరు ఎక్స్‌పోజర్లలో చుట్టూ ఫొటోలు; రంగుల చార్టు; మనుషులు లేకుండా తీసిన అదే ఫ్రేము (ఖాళీ ప్లేటు); లెన్సు నంబరు, కెమెరా ఎత్తు, వంపు రాసిన షీటు. అన్నీ కలిపినా షాటుకి ఐదారు నిమిషాలు. వెలుగు పోతోందని మొదట మానేసేది ఇవే. డిసెంబరు షీట్లలో కెమెరా ఎత్తు గడి ఖాళీ. ఆ ఎత్తు లేకపోతే కంప్యూటర్‌లో కెమెరా కదలికని మళ్లీ కట్టేవాడు అంచనా మీద కడతాడు, రోవర్ నేల మీద జారుతున్నట్టు ఉంటుంది. కంపెనీకి పడ్డ తిట్లన్నీ ఆ ఖాళీ గడికి పడాల్సినవి. ఇంకా ఘోరం, ఎడిటింగ్ లాక్ కాకుండానే, అంటే ఏ షాటు ఎంతసేపో ఖాయం కాకుండానే, గ్రాఫిక్స్‌కి షాట్లు పంపడం. పూర్తయిన షాటుని కట్‌లోంచి తీసేశారు, పొట్టిగా చేసిన షాటుకి ఇంకో సెకను కావాలన్నారు. ప్రతిదానికీ బిల్లు పడుతుంది.

‘గ్రీన్‌మ్యాట్ కట్టి ఏఐకి ఇస్తే సరి.’ గ్రీన్‌మ్యాట్ ఉత్తి గుడ్డ కాదు. దానికి వేరే లైటింగు సమంగా పరవాలి, నటుడు కనీసం 10, 15 అడుగులు ముందుకుండాలి, లేకపోతే భుజాల మీద పచ్చ ఛాయ పడుతుంది. మెరిసే స్పేస్‌సూట్, అద్దం హెల్మెట్ పచ్చని అద్దుకున్నంతగా మామూలు చొక్కా అద్దుకోదు. రాతిగోడ నుంచి మొహం మీదికి వచ్చే వెలుగు క్వారీలో ఊరికే దొరుకుతుంది, స్టూడియోలో దాన్ని కష్టపడి పుట్టించాలి.

ఏఐ సంగతి: అంచులు కత్తిరించడం, తాళ్లు చెరపడం లాంటి చాకిరీలో బాగానే పనికొస్తోంది. కానీ సెకనుకి 24 చొప్పున 5 సెకన్ల షాటంటే 120 ఫ్రేములు. దర్శకుడు ‘ఆ బండ రెండడుగులు ఎడమకి’ అంటే బండ మాత్రమే జరగాలి, పగుళ్లు అవే ఉండాలి, తర్వాతి షాటులో కూడా అదే బండ కనపడాలి. అడిగిన ప్రతిసారీ కొత్త బండ పుట్టించే పనిముట్టుతో థియేటరు తెరకి సరిపడే సీన్ రాదు. కుదించకుండా దాస్తే 4కె ఫ్రేము ఒక్కటే 50 ఎంబీ దాటుతుంది, అందులో ఎన్నో పొరలు. ఫోన్‌లో చూసి మురిసిపోయే క్లిప్పుకీ దీనికీ పోలికే లేదు.

రోవర్ సీన్ అతకాలంటే డిసెంబరు ముక్క పారేసి మళ్లీ ఆ క్వారీలోనే తియ్యాలి. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి మూడు డిగ్రీల లోపే ఉంటాడు, మొదటి ముక్కతో కలుస్తుంది. ఆగస్టు రెండో వారంలోనూ అదే ఎత్తుకి వస్తాడు కానీ మబ్బుని నమ్మి యూనిట్‌ని దించలేం.