వికారమంతా కడుపు జబ్బే కాదు

దీర్ఘకాలిక వికారం గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను, అది మొత్తంగా దాన్ని జీర్ణాశయం ఖాతాలో వేసేసింది. అక్కడే నాకు పేచీ. నెలకు మించి కడుపులో తిప్పుతుంటే మొదట చూడాల్సింది మనం వాడుతున్న మందులను. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు, బరువు తగ్గడానికి ఈమధ్య చాలామంది తీసుకుంటున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు, అన్నీ వికారం తెప్పించగలవు.

తల కదిపినప్పుడల్లా ఎక్కువైతే లోపలి చెవిని అనుమానించాలి. తలనొప్పి తోడై వెలుతురు చూడలేకపోతే మైగ్రేన్ కావచ్చు. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయి, ఎప్పుడో తిన్నది వాంతిలో కనబడుతుంటే గ్యాస్ట్రోపరేసిస్, అంటే కడుపు మరీ నెమ్మదిగా ఖాళీ అయ్యే జబ్బు, ఉందేమో చూడాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. ఎండోస్కోపీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఇది లేదని కాదు. తిన్నదాంట్లో 10 శాతానికి మించి 4 గంటల తర్వాత కూడా కడుపులోనే ఉందా అని స్కాన్‌లో చూస్తారు.

వాంతులు ఆపే ఓండాన్‌సెట్రాన్‌ మందును ఆ వ్యాసం మరీ మెచ్చుకుంది. కీమోథెరపీ వికారానికి అది మంచి మందే, కాదనను. కానీ కడుపు త్వరగా ఖాళీ అయ్యేలా చేయదు, పైగా మలబద్ధకం. మెటోక్లోప్రమైడ్ అనే మందు ఆ పని చేస్తుంది గానీ, ఎక్కువకాలం వాడితే ముఖం, నాలుక వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే దానిపై గట్టి హెచ్చరిక పెట్టించింది, 12 వారాలు దాటొద్దంది. ఇంత ముఖ్యమైన మాట ఆ వ్యాసంలో లేదు.

రిపోర్టులన్నీ బాగున్నాయని ‘అంతా టెన్షనే’ అని పంపేయడం అన్యాయం. అలాంటివారిలో కొందరికి డాక్టర్లు డిప్రెషన్‌కు వాడే మిర్టజపీన్ లాంటి మందులు తక్కువ మోతాదులో ఇచ్చి చూస్తారు. బరువు తగ్గిపోతున్నా, వాంతిలో రక్తం పడినా మాత్రం ఇంట్లో కూర్చోవద్దు.