ఆరో సంపుటం రాకుండుగాక

అమెరికాలో, న్యూమెక్సికో రాష్ట్రంలో, శాంటా ఫే పట్టణంలో ఉండే శ్రీ జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ గారికి విశాఖపట్నం నుంచి ఒక సామాన్య పౌరుడు వ్రాసుకునే మనవి ఏమనగా: అయ్యా, తమరు ఎన్నో ఏళ్లుగా రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' నవలల ఆరో సంపుటాన్ని దయచేసి పూర్తి చేయకండి. తొందరపెట్టేవాళ్ల మాట చెవిన వేసుకోకండి. మరీ ముఖ్యంగా మా మేనల్లుడి మాట.

కారణాలు చెప్పకుండా ఇంత పెద్ద కోరిక కోరడం మర్యాద కాదు కాబట్టి విన్నవించుకుంటాను.

మా మేనల్లుడు రుషికొండ మీద కంప్యూటర్ కంపెనీలో పని చేస్తాడు. కిందటి వేసవిలో మా చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, వీడు ప్రతి ఆదివారం సాయంత్రం బీచికి వెళ్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దగ్గరివాళ్లెవరో పోయినట్టు మొహం వేలాడేసుకుని వస్తున్నాడు. ఒకసారి వెళ్లి చూడు" అంది. ప్రేమ వ్యవహారమో చీటీల వ్యవహారమో అనుకున్నాను. రెండింటికీ నా దగ్గర సలహాలున్నాయి. తీరా వెళ్లి చూస్తే సాహిత్యం. దానికి మాత్రం నేను సిద్ధపడి వెళ్లలేదు.

కురుసుర జలాంతర్గామికి కాస్త ఇవతల ఇసుకలో పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఉక్కు కర్మాగారంలో రిటైరైన పెద్దాయన ఒకరు, పళ్ల డాక్టరమ్మ ఒకరు, బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు. మధ్యలో గోడకు వాడే ఇటుకల్లాంటి ఐదు పుస్తకాలు. ఐదూ ఒక్క కథే. మొదటిది 1996లో వచ్చింది. అప్పట్లో మార్టిన్ మూడు సంపుటాల్లో ముగిస్తానన్నాడట. తరువాత అది ఏడయింది. ఇల్లు కట్టించినవాళ్లెవరికీ ఈ లెక్క వింతగా అనిపించదు. రెండోది 1998లో, మూడోది 2000లో, నాలుగోది 2005లో వచ్చాయి. నాలుగో పుస్తకం చివర, ఐదోది మరుసటి ఏడే రావచ్చని ఆశపడుతూ నాలుగు మాటలు రాశాడు. అది 2011 జులైలో వచ్చింది. ఆ తరువాత ఇంతవరకూ ఆరోది లేదు.

2011 జులై అంటే రాష్ట్రం ఇంకా ఉమ్మడిగా ఉన్న రోజులు. ఆ తరువాత రాష్ట్రం రెండయింది. హుద్‌హుద్ వచ్చి మా ఊళ్లో చెట్టన్నది లేకుండా పెరికి పోయింది. మెట్రో మాట 2014 విభజన చట్టంలోకి ఎక్కి అక్కడే కూర్చుంది. రైల్వే జోన్‌ను 2019లో ప్రకటిస్తే 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. మధ్యలో మా ఊరు రాజధాని కాబోయి మానుకుంది. అంచేత ఎదురుచూడటంలో మాకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. సింహాచలం అప్పన్న కూడా ఏడాది పొడవునా చందనం కప్పుకునే ఉంటాడు. అయినా వైశాఖంలో అక్షయ తదియ నాడు ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. ఈ ఆరో సంపుటం అప్పన్న కన్నా గుట్టు గలది.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకోటి. ఆ కథ అంతా రాబోయే భయంకరమైన చలికాలం గురించి. దాన్ని చదివి వణికిపోతున్నవాళ్లు చలి ఎలా ఉంటుందో చూడాలంటే అర్ధరాత్రి కారు కట్టించుకుని లంబసింగి దాకా వెళ్లాల్సిన ఊరివాళ్లు. మే నెలలో, చొక్కాలు వీపుకు అంటుకుపోయి ఉండగా, ఉత్తరాన మంచు గోడ కూలితే ఏమవుతుందని ఆ పెద్దాయన దిగులు పడటం నేను కళ్లారా చూశాను.

ఆ సభలో వర్ణవ్యవస్థ కట్టుదిట్టంగా ఉంది. 2011కి ముందే చదివినవాళ్లు అగ్రాసనం మీద. తరువాత చదివినవాళ్లు వాళ్ల వెనక. ఈ కథను 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పేరుతో టీవీలో మాత్రమే చూసినవాళ్లు తీరానికి దగ్గరగా, అల వస్తే ముందు తడిసేచోట. ఒక కుర్రాడు అమాయకంగా "పుస్తకం చదవలేదండీ, సీరియల్ చూశాను" అన్నాడు. గర్భగుడిలోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ తరువాత డాక్టరమ్మ జాలిపడి మొదటి సంపుటం వాడి చేతిలో పెట్టి, "మొదటి మూడు వందల పేజీలు కాస్త ఓపిక పట్టు బాబూ, ఆ తరువాత నువ్వే వదలవు" అంది. ఈ లోకంలో ఇంకే వృత్తికీ ఇంత సదుపాయం లేదు. మొదటి నాలుగు ఇడ్లీలు పులిసి ఉంటాయి, ఐదోది అమోఘం అని చెప్పి ఏ హోటలువాడైనా గల్లాపెట్టె దగ్గర కూర్చోగలడా?

మా మేనల్లుడి సంగతి చెప్పాలి. కిందటేడు వాళ్ల నాన్న తద్దినానికి పురోహితుడు ముత్తాతగారి పేరు అడిగితే పక్క గదిలోకి వెళ్లి నాకు ఫోను చేశాడు. అదే మనిషి ఆ ఇసుకలో కూర్చుని, డ్రాగన్ల వంశపు రాజులు పదిహేడు మందినీ వరసగా, తడుముకోకుండా, ఎవడు ఎవడికి విషం పెట్టించాడో సహా అప్పజెప్పాడు. ఆ పదిహేడు మందిలో ఐదుగురి పేరు ఏగానే. ఏ ఏగాన్ ఏ ఏగాన్‌కు మనవడో కూడా వాడికి తెలుసు. "ఒరేయ్, వేంగి చాళుక్యుల్లో విష్ణువర్ధనులు ఎంతమందిరా?" అన్నాను. "అది సిలబస్‌లో లేదు మామయ్యా" అన్నాడు.

ఇక అభిమానం. అభిమానం అంటే పూలదండలూ ఉత్తరాలూ అనుకునేవాణ్ణి. వీళ్లది అప్పులవాళ్ల అభిమానం. ఆయన ఫలానా సభకు వెళ్లాడట, ఫుట్‌బాల్ చూశాడట, 2018లో అదే రాజవంశం మీద వేరే లావుపాటి పుస్తకం తెచ్చాడట, ఆ సమయంలో ఇది రాసి ఉండవచ్చు కదా అని ఒక్కొక్కటే పద్దు రాసి వడ్డీ కడుతున్నారు. ఆయన 1948లో పుట్టాడు. సెప్టెంబరు 20న ఆయన పుట్టినరోజుకు కేకు కోసి, నిండు నూరేళ్లు బతకాలని కోరుకుంటారు. ఆ కోరికలో ఆయన మీద ప్రేమ ఎంతో, మిగిలిన రెండు సంపుటాల మీద ప్రేమ ఎంతో విడదీసి చెప్పే త్రాసు నా దగ్గర లేదు.

పైగా చట్టం తమ పక్షాన ఉందంటారు. 2019లో ఆయనే, మరుసటి ఏడు న్యూజిలాండ్‌లో జరిగే సభకు ఆ పుస్తకంతో రాకపోతే నన్ను అక్కడి వైట్ ఐలాండ్ అనే అగ్నిపర్వత ద్వీపంలో ఓ గుడిసెలో బంధించండి అని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాడు. మహమ్మారి వచ్చి ఆ సభ కాస్తా కంప్యూటర్ తెరల మీదికి మారింది. ముద్దాయి ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ అనుమతి విశాఖలోనూ చెల్లుతుందా అనే దాని మీద నేను వెళ్లిన రోజున గంటన్నర చర్చ జరిగింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ అయితే బాగుంటుందని బ్యాంకు ఉద్యోగి. అది నేవీవాళ్ల ఆవరణ, పాస్ లేనిదే పోనివ్వరని ఉక్కు పెద్దాయన. బొర్రా గుహలని ఒక విద్యార్థి. అక్కడ ఆయన కంప్యూటర్ పని చేస్తుందా అని డాక్టరమ్మ అనుమానం. ఆయన ఇప్పటికీ పాతకాలపు డాస్ కంప్యూటర్ మీద, వర్డ్‌స్టార్ 4.0 అనే ప్రోగ్రాంలో రాస్తానని 2014లో చెప్పాడు. అలాంటి యంత్రానికి తేమ పడదట. సాక్షాత్తూ సముద్రం ఒడ్డున కూర్చుని ఈ మాట అనుకున్నారు.

వాళ్లలో ఒక చీలిక పక్షం కూడా ఉంది. ఇంకెవరినైనా పెట్టి ముగించేయాలి అంటారు వాళ్లు. దీనికి పూర్వాచారం ఉందట: రాబర్ట్ జోర్డాన్ అనే ఆయన 1990లో మొదలుపెట్టిన మరో మహాగాథ, 2007లో ఆయన పోయాక బ్రాండన్ శాండర్సన్ చేతుల మీదుగా పధ్నాలుగు సంపుటాలై 2013లో ముగిసింది. ఇదంతా కొత్త సంగతన్నట్టు చెబుతుంటే ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. నాయనలారా, అన్నాను, పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో శరద్రాత్రుల దగ్గర కలం ఆపారు. పదమూడో శతాబ్దంలో తిక్కనగారు వచ్చి, ఆ సగాన్ని ముట్టుకోకుండా దాటి, విరాటపర్వం నుంచి అందుకున్నారు. పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రనగారు వచ్చి మిగిలింది పూరించారు. అదీ తన పేరున కాదు, నన్నయ రాసినట్టే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా. అడవిలో పాండవుల్ని వదిలేసి దాదాపు మూడు వందల ఏళ్లు నోరెత్తకుండా కూర్చున్న జాతి మనది. మీరు ఇన్నాళ్లకే గోల పెడుతున్నారు!

"అప్పుడు తిక్కనని ఎవరూ తిట్టలేదా మామయ్యా?" అన్నాడు మా వాడు. ఈ కాలపు పిల్లలకు ప్రశ్నలు వేయడం తప్ప మరేమీ రాదు.

నా బాల్యంలో ఇలాంటి ఇబ్బంది లేదు. చందమామలో నెలనెలా మాంత్రికులూ రాకాసులూ వచ్చేవాళ్లు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాదాపు పాతికేళ్లు ఆ సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. కాని ఆ పేరు సీరియల్ మీద ఉండేది కాదు. చిత్రా బొమ్మల కింద చిత్రా పేరు కనిపించేది గాని రాసినవాడు మాత్రం అదృశ్యకరణి రాసుకున్నట్టే ఉండేవాడు. ఆయన ఎవరో తెలియదు కనక ఆయన ఏ ఊళ్లో ఉన్నాడు, ఏం తిన్నాడు, రాయకుండా ఎందుకు సినిమాకు వెళ్లాడు అని అడిగేవాళ్లు లేరు. కథ నెల తిరిగేసరికి వచ్చేది, అయిపోవాల్సినప్పుడు అయిపోయేది. మార్టిన్‌గారూ, తమరు మొదటి సంపుటం మీద పేరు వేయించుకోవడమే పొరపాటు.

అయినా నేను తమరిని పూర్తి చేయవద్దని కోరుతున్నది అందుకు కాదు. టీవీ సీరియల్ సంగతి చూశాం కదా. 2019 మేలో ఎనిమిదో భాగంతో ముగిసింది. ఆ ముగింపు మాట ఎత్తితే ఈ రోజుకీ వీళ్లు రెండో బంతికి పప్పన్నం మిగలని మగపెళ్లివాళ్లలా మాట్లాడతారు. రేపు పుస్తకం వచ్చిందనుకోండి. పది రోజులు ఎవరి తలుపులు వాళ్లు వేసుకుంటారు. పదకొండో రోజున బయటికి వచ్చి, ఇదా ఇన్నేళ్లకు మీరు రాసింది అంటారు. పన్నెండో రోజున ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అంతటితో ఆదివారం సభకు మంగళం.

ఆ సభ ఊరికే పోయేది కాదు. డాక్టరమ్మా బ్యాంకు ఉద్యోగీ కలిసింది అక్కడే. "వచ్చే ఏడు ఖాయం" అని అతను, "రెండేళ్లు పడుతుంది" అని ఆవిడ పందెం వేసుకున్నారు. ఇద్దరూ ఓడిపోయారు, పెళ్లి అయింది. పాప పుట్టింది. ఆర్య అని పేరు పెట్టారు. తాతగారు అమరకోశం తీసి, అది పార్వతీదేవి పేరేనని చూసుకుని, ఈ కాలంలో ఇంత సంప్రదాయం తెలిసిన అల్లుడు దొరికాడని బంధువులందరికీ చెప్పుకున్నారు. ఆ పేరు ఎక్కడిదో ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. తమరు ఆ పుస్తకాన్ని చెప్పిన వేళకు ఇచ్చి ఉంటే ఈ సంసారం ఉండేది కాదు.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. చెల్లెలి కోసమే. వాళ్ల పక్కన బండి పెట్టుకునే మురీ మిక్చరు ఆయన నన్ను గుర్తుపట్టి, ఉల్లిపాయ తరుగుతూ మెల్లగా అడిగాడు.

"ఆ పుస్తకం ఏమైనా వచ్చిందా బాబూ?"

"లేదు" అన్నాను.

"ఈ ఏడు వస్తుందంటారా?"

"ఏమో."

ఆయన ఊపిరి పీల్చుకుని, నా పొట్లంలో ఇంకో గుప్పెడు వేరుశనగలు వేశాడు.