ఈశాన్యంలో నలుపు

పోయిన నెల నా ఫోటో ఒకటి పుట్టింటికి తిరిగొచ్చింది. అద్దం పగల్లేదు, ఫ్రేము వంకరపోలేదు, డబ్బులు కూడా ముందే ముట్టాయి. కారణం ఒక్కటే. వాస్తు ఒప్పుకోలేదు.

నేను కట్టడాలను బ్లాక్ అండ్ వైట్‌లో ఫోటోలు తీసి బతుకుతాను. బతుకుతాను అన్నదానికి ఆధారాలు అడక్కండి. బిల్డర్ల బ్రోచర్ల కోసం నీలాకాశం, పచ్చగడ్డి అతికించి ఇచ్చేవి బియ్యం తెచ్చిపెడతాయి. నలుపు తెలుపువి ఆ బియ్యం తింటాయి. అయినా ఏడాదికి ఒకరో ఇద్దరో మహానుభావులు తమ ఇంటి గోడకి ఒకటి కావాలంటారు. అలాంటి మహానుభావుడే ఈయన. కోకాపేటలో ఇరవై ఏడో అంతస్తు. ఏరికోరి తీసుకున్నది బన్సీలాల్‌పేట మెట్ల బావి ఫోటో.

ఆ బావిని మనవాళ్లు దశాబ్దాల పాటు చెత్తకుండీగా వాడుకున్నారు. చివరికి ఆ చెత్తంతా తోడి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. మెట్ల అంచులు వెలుగులో, వాటి కింది రాళ్లు నీడలో ఉండేలా ఎండ పడేది కాసేపే. దానికోసం నాలుగుసార్లు తిరిగాను. పైనుంచి తీస్తే స్తంభాలు తాగినవాళ్లలా వాలిపోతాయి. అవి నిటారుగా నిలబడాలంటే కెమెరాను వంచకుండా లెన్సును మాత్రమే కిందికి జరపాలి. అలా జరిగే లెన్సు కొనడానికి నేను బండి అమ్మాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సిద్ధాంతిగారు ఆ ఫోటోని చూసింది నాలుగు సెకన్లు.

ఆయన ముందు ఫోన్‌లో దిక్సూచి తెరిచి, అరచేతిలో పెట్టుకుని, హాలంతా ప్రదక్షిణ చేశారు. మొదట ఈశాన్యం చెప్పుల స్టాండు దగ్గర తేలింది. ఫోను కాస్త ఊపితే ఫ్రిజ్ దగ్గరకెళ్లింది. మూడోసారికి సరిగ్గా నా ఫోటో దగ్గరకొచ్చి ఆగింది.

"నలుపు శని రంగు. ఈ గోడకి పనికిరాదు."

"తెలుపు కూడా ఉంది కదండీ" అన్నాను.

"ఉంది. కానీ నలుపే కనబడుతోంది."

నా పని మీద ఇంత సూటి విమర్శ నేనింతవరకూ వినలేదు. తమాయించుకుని, బావి ఈశాన్యంలోనే ఉండాలని మీ శాస్త్రమే చెబుతుంది కదా అని అడిగాను. ఆయన జాలిగా చూశారు.

"నీళ్లున్న బావి వేరు, మెట్లున్న బావి వేరు నాయనా. ఈ మెట్లు ఎటు పోతున్నాయి?"

"కిందికి."

"అదీ! లక్ష్మి దిగిపోతుంది."

ఇంటాయన మొహం పాలిపోయింది. పాపం, ఇంకా పద్దెనిమిదేళ్ల ఈఎంఐ ఉంది. అవే మెట్ల మీద పైకి కూడా ఎక్కొచ్చని నేను చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. ఆయన కాసేపు ఆలోచించి, "పోనీ సార్, తలకిందులుగా పెడితే?" అన్నారు.

నమ్మండి, పెట్టాం. ఆ కొస ఆయన పట్టుకున్నారు, ఈ కొస నేను. స్తంభాలు గబ్బిలాల్లా వేలాడాయి. మెట్లు బుద్ధిగా పైకెక్కాయి. ఎక్కి ఎక్కి, సీలింగు దగ్గర నీళ్లలోకి వెళ్లాయి. నా సంతకం శీర్షాసనం వేసింది. సిద్ధాంతిగారు వెనక్కి జరిగి చూసి, ఇప్పుడు ఉత్తమం అన్నారు. నేనూ ఒక్క క్షణం, పోనీలే, గోడెక్కింది కదా అనుకున్నాను. ఆ సిగ్గులేనితనం ఒప్పుకోవాలి.

అంతలో వంటింట్లోంచి ఇంటాయన తల్లిగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, తలెత్తి చూసి అన్నారు: "ఏరా, ఆ నీళ్లు ఒలికిపోవూ?"

చర్చ మళ్లీ మొదలైంది. నీళ్లు నెత్తిమీదుంటే జలగండమట. పోనీ కాస్త ఆకుపచ్చ వేయించమన్నారు. చివరికి ఆ గోడకి ఏడు తెల్ల గుర్రాలొచ్చాయి, వెనక నారింజరంగు సూర్యుడితో సహా. అవి ఏడూ గుమ్మం వైపే పరిగెడుతున్నాయి. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, నేనూ చెప్పలేదు.

మా వృత్తికి ఈ ఊళ్లో పెద్దదిక్కు రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్. రంగులు రాని కాలం కాబట్టి బతికిపోయాడు. అలాగని ఆ నిజాంకి పట్టింపులు లేవని కాదు. 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ చూడ్డానికి వెళుతుంటే దారికి ఉడుము అడ్డొచ్చిందనీ, దాంతో ప్యాలెస్‌కి తాళం వేయించాడనీ చెప్పుకుంటారు. తాళమే వేయించాడు. కూలగొట్టించలేదు.

కూలగొట్టడానికి మనం రావాల్సొచ్చింది. ఆ ప్యాలెసే తర్వాత సచివాలయంలో జీ బ్లాక్ అయింది. సచివాలయానికి వాస్తు బాగాలేదని అప్పటి ముఖ్యమంత్రి 2015లోనే బహిరంగంగా అన్నారు. తర్వాత కాగితాల మీద అగ్నిప్రమాద భద్రత లేదని రాశారు, కోర్టు కూడా కాదనలేదు. 2020 జులైలో యంత్రాలొచ్చాయి. భద్రత లేకపోతే భద్రత పెట్టుకోవాలి గానీ, దోమలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? నూట ముప్ఫై రెండేళ్ల గచ్చు అది! దాన్ని కూల్చి, పక్కన గుర్రాల బొమ్మ పెట్టుకునే జాతి మనది. ఏ సిద్ధాంతీ, ఏ మంత్రీ, ఏ ఇంజినీరూ అలాంటి గోడ ఒక్కటి మళ్లీ కట్టలేడు. సిగ్గుండాలి మనకి. నాతో సహా. ఏళ్ల తరబడి ఆ దారినే వెళుతూ, ఎప్పుడైనా తీయొచ్చులే, ఎక్కడికి పోతుంది అనుకున్నవాణ్ని. నా దగ్గరున్నది రోడ్డు మీంచి తీసిన ఒకే ఒక్క ఫ్రేము. అందులో సగం కరెంటు తీగలే.

మొన్న ఆ కోకాపేట ఆయన ఫోన్ చేశారు. గుర్రాలు గుమ్మం వైపు పోతున్నాయని ఎవరో చుట్టాలు పట్టేశారట. "సార్, మీ ఫోటోషాప్‌లో వాటిని ఇటు తిప్పగలరా?"

రేటు చెప్పాను. ఏడింటినీ తిప్పాను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి.