ఆఫ్రికా ఐక్యత: పొత్తుల ఎద్దుకు మేత ఎవరు వేయాలి?

ఏటా మే 25న ఆఫ్రికా దినోత్సవం వస్తుంది, దాని వెంటే ఓ విలాపమూ వస్తుంది. 1963లో అడిస్ అబాబాలో ఘనా అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రుమా మొత్తుకున్నది విని ఖండమంతా ఒకే ప్రభుత్వం కిందికి వచ్చి ఉంటే, ఈపాటికి ఆఫ్రికా అగ్రరాజ్యాల సరసన కూర్చునేదని. ఈ విలాపంలో సగం భక్తి, మిగతా సగం బద్ధకం. ఆ ప్రసంగంలో ఉమ్మడి రక్షణ ఉంది, ఉమ్మడి విదేశాంగ విధానం ఉంది, కరెన్సీ, కేంద్ర బ్యాంకు, పౌరసత్వం అన్నీ ఉన్నాయి. ఉమ్మడి ఖజానాకు ఎవరు ఎంత కట్టాలి, కట్టినవాళ్లకు ఎంత తిరిగి రావాలి అన్న లెక్క ఒక్కటే లేదు. ఆ లెక్క తేలని పొత్తులు ఆఫ్రికాలో ఒక్కొక్కటే కూలాయి. లెక్క రాసుకున్న పొత్తు మాత్రం, పుట్టుక ఎంత పాడుదైనా, నూరేళ్లు దాటి ఇంకా బతికే ఉంది.

ఆఫ్రికా ఐక్యత అన్న ఆలోచన మొదట మొలకెత్తింది సముద్రాల అవతల. 1900లో లండన్‌లో తొలి పాన్ ఆఫ్రికన్ సభ పెట్టిన హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్ ట్రినిడాడ్ మనిషి. తరవాతి సభలు నడిపిన డుబాయిస్ అమెరికన్. 1945 నాటి మాంచెస్టర్ సభకు గానీ ఎన్‌క్రుమా, కెన్యాట్టా లాంటి ఖండవాసులు ముందు వరసలోకి రాలేదు. బానిసత్వం, జాతి వివక్ష మిగిల్చిన అవమానం లోంచి పుట్టిన కల కనుక అది ఆత్మగౌరవం గురించి మాట్లాడింది, సుంకాల గురించి మాట్లాడలేదు. తప్పు పట్టలేం. చేతికి రాజ్యాలు వచ్చాక కూడా అదే మాట్లాడటమే చిక్కు. వెంటనే ఒక్కటవ్వాలన్న కాసాబ్లాంకా వర్గం, నెమ్మదిగా చాలన్న మన్రోవియా వర్గం, వలస పాలకులు గీసిన సరిహద్దులే ఖాయమన్న 1964 కైరో తీర్మానం... ఈ కథంతా తెలిసిందే.

అంతగా చెప్పుకోనిది పశ్చిమాన జరిగింది. డకార్ రాజధానిగా ఫ్రెంచ్ పశ్చిమాఫ్రికా ఎనిమిది ప్రాంతాల సమాఖ్య. కస్టమ్స్ సుంకాలు డకార్ ఖజానాకే చేరేవి. కాఫీ, కోకో అమ్మి అందరికంటే ఎక్కువ జమచేసేది ఐవరీ కోస్ట్, తిరిగి చేతికొచ్చేది అందులో కొంతే. మమ్మల్ని పాడి ఆవును చేశారన్నదే అక్కడి నాయకుడు హుఫుయే బ్వాన్యీ ఫిర్యాదు. 1956 చట్టంతో అధికారాలు ఒక్కో ప్రాంతానికి మళ్లాక సమాఖ్య ఊడిపోయింది. ఆయన్ని ఫ్రాన్స్ తొత్తని తిట్టిపోయడం తేలిక. కానీ ఆయన అడిగిన లెక్కకు డకార్ దగ్గర జవాబు లేదు.

అసలు పాఠం తూర్పున ఉంది. కెన్యా, ఉగాండా, టాంజానియాలకు ఒకే రైల్వే, ఒకే పోస్టల్ శాఖ, ఒకే విమాన సంస్థ, 1966 దాకా ఒకే షిల్లింగ్. యూరప్ అప్పటికి కలగంటున్నవి కొన్ని వీళ్లకు వలస పాలన నుంచే చేతికి అందాయి. ఫ్యాక్టరీలన్నీ నైరోబీ చుట్టూ పెరిగాయి, మిగతా రెండు దేశాలూ కొనుగోలుదార్లుగా మిగిలాయి. దీనికి విరుగుడుగా 1961లో రైజ్‌మన్ కమిషన్ ఒక ఉమ్మడి నిధి పెట్టించింది. తయారీ, ఆర్థిక సంస్థల లాభాల మీద వచ్చే ఆదాయపు పన్నులో 40 శాతం, కస్టమ్స్, ఎక్సైజ్ రాబడిలో 6 శాతం అందులో పడాలి. సగం ఉమ్మడి సేవలకు, సగం ముగ్గురికీ సమానంగా. కెన్యా ఎక్కువ వేసేది, తక్కువ తీసుకునేది. చిన్న నిధే, కానీ నిజంగా డబ్బు చేతులు మారే ఏర్పాటు అదొక్కటే.

1967లో కంపాలాలో తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీ ఒప్పందం మీద సంతకాలు చేస్తూ, ఘనంగా ఆ నిధినే తీసిపారేశారు. బదులుగా వచ్చింది 'బదిలీ పన్ను'. పొరుగు దేశంతో ఫ్యాక్టరీ సరుకుల వ్యాపారంలో లోటున్న దేశం ఆ పొరుగు సరుకు మీద పన్ను వేసుకోవచ్చు. బయటి దేశాల సరుకు మీద సుంకం ఎంతో, అందులో సగం మించకూడదు. ఒక్కో సరుకు మీద ఎనిమిదేళ్లకు మించి ఉండకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. కట్టేది ఎవరో చూడండి. నైరోబీ సబ్బు మీద టాంజానియా పన్ను వేస్తే ఆ భారం చాలావరకు దార్ ఎస్ సలామ్ ఇల్లాలిదే. పేరు బదిలీ పన్ను, కెన్యా ఖజానా నుంచి బదిలీ అయింది సున్నా. దీనికి తోడు ఓ అభివృద్ధి బ్యాంకు పెట్టారు. పెట్టుబడి ముగ్గురిదీ సమానం. రుణాలు మాత్రం ఉగాండాకు 38.75, టాంజానియాకు 38.75, కెన్యాకు 22.5 శాతం. సూత్రం మంచిదే, మూలధనమే చాలలేదు. ఈలోగా ఎవరి ఫ్యాక్టరీ వాళ్లది: ఒక్క టైర్ల ఫ్యాక్టరీ చాలే మార్కెట్‌కు నైరోబీలో ఒకటి, ఆరుషాలో ఒకటి లేచాయి.

ఇక ప్రధాన కార్యాలయాల్ని పంచుకున్న తీరు: రైల్వే, విమానాలు నైరోబీకి, ఓడరేవులు దార్ ఎస్ సలామ్‌కు, పోస్టల్ కంపాలాకు. టికెట్ డబ్బు ఎక్కడ వసూలైతే అక్కడి బ్యాంకులో పడేది, దాన్ని ప్రధాన కార్యాలయానికి పంపాలి. విదేశీ మారకం కటకట మొదలయ్యాక పంపడం మానేశారు. ఇంజిన్లకు విడిభాగాల్లేవు, జీతాలకు డబ్బు లేదు. 1971లో ఉగాండాలో ఇదీ అమీన్ అధికారం లాక్కోవడం, అతని పక్కన కూర్చోనని టాంజానియా అధ్యక్షుడు నైరేరే భీష్మించడం నిజమే. ముగ్గురు అధ్యక్షుల మండలి ఆ తరవాత సమావేశం కాలేదు. అయితే అమీన్ లేకపోయినా నైరోబీకి డబ్బు చేరేదని ఎవరు చెప్పగలరు? పొత్తుల ఎద్దు పుచ్చి చచ్చిందన్న సామెత ఆ రైల్వే యార్డుల్లో అక్షరాలా జరిగింది. 1977లో ఉమ్మడి విమానాలు నేలకు దిగాయి, టాంజానియా కెన్యా సరిహద్దు మూసేసి కెన్యా వాహనాలను పట్టేసుకుంది. స్విస్ మధ్యవర్తి విక్టర్ ఉంబ్రిక్ట్ కూర్చుని ఆస్తులను కెన్యాకు 42, టాంజానియాకు 32, ఉగాండాకు 26 శాతంగా తేల్చేసరికి 1984 వచ్చింది. రాష్ట్ర విభజనలో 58.32 : 41.68 అన్న అంకె కంఠతా వచ్చి, తొమ్మిదో, పదో షెడ్యూళ్ల తగువు పదేళ్లు దాటినా తెగని మనకు ఆ ఏడేళ్లు ఎక్కువేం కాదు.

ఇప్పుడు దక్షిణానికి రండి. 1910లో బ్రిటిష్ పాలకులు కుదిర్చిన కస్టమ్స్ యూనియన్‌లో దక్షిణాఫ్రికా, నేటి బోట్స్‌వానా, లెసోతో, ఎస్వాతినీ ఉన్నాయి. సుంకాల రాబడిలో మూడు చిన్న ప్రాంతాలకూ కలిపి వాటా 1.31 శాతం, మిగతాదంతా దక్షిణాఫ్రికాది. పచ్చి దోపిడీ. స్వాతంత్య్రం వచ్చాక 1969లో బేరం మళ్లీ మొదలైంది. ఈసారి వాళ్ల దిగుమతులు, ఉత్పత్తుల లెక్కన వచ్చే వాటాను 1.42తో గుణించారు. ఆ అదనపు 42 శాతం దేనికంటే, దక్షిణాఫ్రికా ఫ్యాక్టరీల రక్షణ సుంకాల వల్ల చిన్న దేశాలు ఎక్కువ ధర కట్టాలి, సొంత పరిశ్రమ లేవదు, సొంతంగా సుంకం మార్చుకునే హక్కూ ఉండదు. నష్టాన్ని ఒప్పుకుని దానికి రేటు కట్టారు! 1976లో ఆ దిగుమతులు, ఉత్పత్తుల విలువలో రాబడి 17 శాతానికి తగ్గకుండా, 23 దాటకుండా కట్టడి పెట్టారు. 2002 ఒప్పందంలో మరీ సూటిగా రాశారు: కస్టమ్స్ డబ్బు యూనియన్ లోపలి దిగుమతుల వాటా ప్రకారం, ఎక్సైజ్‌లో 85 శాతం జీడీపీ ప్రకారం, మిగతా 15 శాతం పేద దేశాలకు కాస్త మొగ్గేలా. మూడు నెలలకోసారి చెల్లింపు. లోపాలు లేవా? చెల్లింపులు అంచనాల మీద నడుస్తాయి, తేడాను తరవాత సర్దుతారు. 2009 మాంద్యం తరవాత వాటా సగానికి పైగా పడిపోయి స్వాజీలాండ్ (నేటి ఎస్వాతినీ) జీతాలివ్వలేక అల్లాడింది. అయినా ఎవరూ బయటికి పోలేదు. వర్ణవివక్ష పాలనను తట్టుకుని నిలిచిన పొత్తు ఇది.

కాదు, ముందు రాజకీయ ఐక్యత రావాలి, లెక్కలు వాటంతటవే సర్దుకుంటాయనే వాదన ఉంది. వలస శక్తుల జోక్యం, తిరుగుబాట్లు, ఎన్‌క్రుమానే 1966లో దించేసిన సైన్యం.. ఇవేవీ పద్దు పుస్తకంలో కనిపించవన్నదీ నిజం. ఒప్పుకుంటాను. అయితే నమ్మకం ముందు కుదిరి డబ్బు తరవాత వచ్చిన ఖండం ఏది? యూరప్ కూడా 1970లో కస్టమ్స్ సుంకాలను ఉమ్మడి సొమ్ముగా రాసుకుంది. వసూలు ఖర్చుగా ఎంత మినహాయించుకోవచ్చో దాని మీద కూడా బేరాలాడింది.

ఆఫ్రికన్ యూనియన్‌నే చూడండి. బయటి దాతల మీద ఆధారపడటం తప్పాలని 2016 కిగాలీ సమావేశంలో దిగుమతుల మీద 0.2 శాతం సుంకం వేద్దామనుకున్నారు. వందకు ఇరవై పైసలు. 55 సభ్య దేశాల్లో సగం కూడా దాన్ని అమలు చేయలేదు. ఆఫ్రికా ఖండమంతటి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద నైజీరియా 2019 జూలైలో సంతకం పెట్టింది, ఆగస్టులో భూసరిహద్దులు మూసేసింది. బెనిన్ మీదుగా దొంగదారిన వచ్చే బియ్యం మీద కోపం. బెనిన్ ఖజానాకేమో ఆ సరుకు రవాణాయే ప్రాణం. ఆ రాబడి పోతే బెనిన్‌కు ఎవరు భర్తీ చేస్తారో ఏ కాగితంలోనూ లేదు.

ఈ భర్తీ మాటే మన జీఎస్టీని నిలబెట్టింది. 2015-16 రాబడి మీద ఏటా 14 శాతం పెరుగుదలకు ఐదేళ్ల హామీ లేకపోతే రాష్ట్రాలు సంతకం పెట్టేవా? 2022 జూన్‌లో ఆ హామీ ముగిసింది. ఇప్పుడు సెస్సులు, సర్‌చార్జీలు పంచే ఖాతాలోకే రావు. కేంద్రం రాష్ట్రాలకు పంచే 41 శాతం అన్నది మిగిలినదాంట్లోనే. 14వ ఆర్థిక సంఘంలో 2.437 శాతమున్న తెలంగాణ వాటా 15వ సంఘానికి 2.102 అయింది, ఆంధ్రప్రదేశ్‌ది 4.305 నుంచి 4.047కు తగ్గింది. దక్షిణాది నోరెత్తితే వేర్పాటువాదం అంటారు. ఐవరీ కోస్ట్‌నూ ఇలాగే అన్నారు.

తూర్పు ఆఫ్రికా మాత్రం కొంత నేర్చుకున్నట్టుంది. కొత్తగా లేచిన కమ్యూనిటీలో 2014 నుంచి మొంబాసా రేవులో దిగిన ఉగాండా సరుకుకు సుంకం ఉగాండాకే ముందు కట్టాలి. ఆ దేశపు అధికారులు రేవులోనే కూర్చుని చూసుకుంటారు. మన ఐజీఎస్టీ సూత్రమే, సరుకు ఎక్కడ వాడితే పన్ను అక్కడికి. 2023లో ఢిల్లీ జీ20లో ఆఫ్రికన్ యూనియన్‌కు శాశ్వత కుర్చీ వేయించామని గర్వంగా చెప్పుకున్నాం. కుర్చీతో పాటు ఆ ఐజీఎస్టీ సెటిల్‌మెంట్ పుస్తకం కూడా పంపాల్సింది, సెస్సుల పేజీ చింపకుండా.